పాయింటు విడిపోయేది ఎప్పుడు?

నెల్లూరులో ఒక ఆదివారం పొద్దున పాత బండ్లు నడిపేవాళ్ళూ, ఐటీఐ పిల్లలూ కూర్చున్న చోట ఒక బుల్లెట్ మేస్త్రీ మాట్లాడిన మాటలివి. రాలేనివాళ్ళ కోసం రికార్డింగ్ విని రాశాం. తడబాట్లు తీసేశాం తప్ప మాట ఆయనదే, యాస ఆయనదే.

అందరికీ నమస్కారం. ఈ మైకు నాకెందుకయ్యా, నలభై ఏళ్ళు ఇంజిన్ మోత మీద అరిచి మాట్లాడిన గొంతు ఇది. సరే, ఉండనీండి. వెనకాల నిలబడిన పిలకాయలు ముందుకొచ్చి కూర్చోండబ్బా, మీకోసమే గదా ఇదంతా. పెద్దోళ్ళకు బండ్లుండాయి, బండి చెడితే పిలిచేదానికి మాలాంటోళ్ళం ఉండాం. మా తర్వాత ఎవరనేదే గదా సమస్య.

పాత బుల్లెట్‌కు టైమింగ్ ఎట్ట పెట్టాలో చెప్పమన్నారు నన్ను. చెప్పేముందు నేనొకటి అడుగుతా. చేతులెత్తండి, సిగ్గుపడబాకండి. ఇంజిన్ తిరిగే కొద్దీ కలుస్తా విడిపోతా కరెంటుకు స్విచ్చిలా పనిచేసే రెండు లోహపు మొనలే పాయింట్లు. ప్లగ్గులో నిప్పురవ్వ పడేది ఆ పాయింట్లు కలిసినప్పుడా, విడిపోయినప్పుడా? కలిసినప్పుడు అనేవాళ్ళు? ఎత్తండి, ఎత్తండి. చూడండి, సగానికి పైనే. తప్పేం కాదు, నేను కూడా రెండేళ్ళు అట్టనే అనుకున్నా. ఇంట్లో స్విచ్చి వేస్తే లైటు వెలుగుతుంది. రెండు కలిస్తేనే కరెంటు, కరెంటుంటేనే నిప్పు. బుర్రకు తోచేది అదే గదా.

కాదు. విడిపోయినప్పుడే నిప్పు పడేది. ఇది మనసులో నాటుకోకపోతే ఇంకేం చెప్పినా వేస్టు. కాయిల్ లోపల రెండు చుట్లుంటాయి. లావు తీగ కొన్ని వందల చుట్లు, సన్న తీగ కొన్ని వేల చుట్లు. పాయింట్లు కలిసున్నంతసేపూ బ్యాటరీ కరెంటు లావు తీగలో పారతా ఉంటుంది. లోపల ఇనుము అయస్కాంతమై కూర్చుంటుంది. అప్పటికి ప్లగ్గులో ఏమీ జరగదు. పాయింటు టక్కున విడిపోయిందా, కరెంటు ఆగిపోయింది, అయస్కాంతం కుప్పకూలింది. ఆ కూలినప్పుడు సన్న తీగలో వేల ఓల్టులు పుడతాయి. ఆ దెబ్బే ప్లగ్గు దగ్గర దూకేది. మరి కండెన్సర్ ఎందుకు? కరెంటు ఉన్నట్టుండి ఆగాలి, సాగదీస్తే పనికి రాదు. కండెన్సర్ పోయిందనుకోండి, పాయింట్ల మధ్యనే నీలంగా నిప్పు కక్కుతా ఉంటుంది, ప్లగ్గుకు పోవాల్సిన బలం అక్కడే కాలిపోతుంది. పాయింట్లు మాటిమాటికీ నల్లబడతా ఉంటే పాయింటును తిట్టబాకండి, కండెన్సర్ మార్చండి.

అయితే టైమింగ్ అంటే ఏంది? పిస్టన్ యాడున్నప్పుడు పాయింటు విడిపోతుందీ అనేదే టైమింగ్. అంతే. ఇంకో అర్థం లేదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. పిస్టన్ పైకొచ్చి పెట్రోలు గాలిని నొక్కుతుంది. బాగా నొక్కినాక, సరిగ్గా పైన ఉన్నప్పుడు నిప్పు పెడితే సరిపోదా? ముందే ఎందుకు పెట్టడం? పిస్టన్ ఇంకా ఎక్కతా ఉంటే దాని నెత్తిన మంట పెట్టడం ఏం తెలివి?

ఇక్కడ రైతుల పిలకాయలు ఉండారా? ఉండారు. సోమశిలలో నీళ్ళు వదిలిన రోజే మీ చేలో పారతాయా? పారవు. కాలవ పట్టుకొని చివరి ఆయకట్టుకు వచ్చేసరికి రోజులు పడుతుంది. కాబట్టి నారు ఎండేదాకా కూర్చొని గేటు ఎత్తితే లాభం లేదు. నీళ్ళు చేలోకి ఏ రోజుకు కావాలో లెక్కేసుకొని ముందే ఎత్తాలి. మంట కూడా అంతే. ప్లగ్గు దగ్గర అంటుకున్న మంట సిలిండరంతా పాకేదానికి టైము పడుతుంది. సెకనులో వెయ్యో వంతులు రెండో మూడో. ఓస్, ఇంతేనా అనుకుంటారు. లెక్క చూడండి. ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతా ఉందనుకోండి. సెకనుకు 50 చుట్లు. చుట్టుకు 360 డిగ్రీలు. అంటే సెకనుకు 18,000 డిగ్రీలు. సెకనులో వెయ్యో వంతుకు ఎంత? 18 డిగ్రీలు! రెండు వెయ్యో వంతులకు 36. మంట పాకేలోపల పిస్టన్ కింద తిరిగే క్రాంకు అంత దూరం పోతా ఉండాది. పిస్టన్ పైకెళ్ళి, తిరిగి కొంచెం దిగేటప్పుడు, ఒక పది పదిహేను డిగ్రీలు దాటినాక, ఒత్తిడి బాగా పట్టాలి. అప్పుడే దిగే పిస్టన్‌ను బలంగా తోస్తుంది. అందుకని ముందే ముట్టించాలి.

మరి ఐడిలింగ్‌లో? అక్కడ 1000 చుట్లే. వెయ్యో వంతు సెకనుకు 6 డిగ్రీలే. మంట తీసుకునే టైము రమారమి అంతే, ఇంజిన్ మాత్రం నిదానం. అక్కడ 36 డిగ్రీలు ముందు ముట్టిస్తే పిస్టన్ పైకి రాకముందే ఎదురు తంతుంది. అందుకే పాయింట్ల ప్లేటు కింద రెండు బరువులు, రెండు సన్న స్ప్రింగులు పెట్టినారు. ఇంజిన్ వేగం పెరిగే కొద్దీ బరువులు విచ్చుకుంటాయి, పాయింట్లను తెరిచే క్యామును ముందుకు తిప్పుతాయి. అడ్వాన్స్, అంటే ముందుగా ముట్టించడం, దానంతట అదే వస్తుంది. ఇంకా పాతవాటికి, బ్యాటరీ లేకుండా సొంతంగా కరెంటు పుట్టించుకునే మాగ్నెటో బండ్లకు, హ్యాండిల్ మీదే ఒక చిన్న లివర్ ఉండేది. కిక్కు కొట్టేటప్పుడు లాగి రిటార్డ్, అంటే లేటు, చేసుకోవాలి, బండి పోయేటప్పుడు అడ్వాన్స్ ఇచ్చుకోవాలి. ఆ పని ఇప్పుడు బరువులు చేస్తాయి. చేస్తాయంటుండా గానీ, తుప్పు పట్టి బిగుసుకుపోతే ఏం చేస్తాయి? ఆ సంగతికి మళ్ళీ వస్తా.

నా తప్పొకటి చెప్పాలి ఇక్కడ. నేను ఉస్తాదు దగ్గర పని నేర్చుకునే రోజులు. చెయ్యి తిరిగింది, గీర కూడా తిరిగింది. బుచ్చి వైపు నుంచి ఒక రైతు బుల్లెట్ తెచ్చినాడు, బండి లాగడం లేదని. ఉస్తాదు నమాజుకు పోయినాడు. నేనేం చేసినా? ఇంజిన్ స్టార్ట్ చేసి, పాయింట్ల ప్లేటు స్క్రూలు వదులు చేసి, చెవి పెట్టి, ప్లేటు మెల్లగా తిప్పినా. తిప్పే కొద్దీ ఇంజిన్ చుట్లు పెరిగినాయి, మోత గలగలా హుషారుగా వచ్చింది. ఆహా, ఇదే టైమింగ్ అని బిగించేసినా. రైతు కూడా ఆ చప్పుడు విని సంతోషపడి పోయినాడు.

మర్నాడు పొద్దున కాలుకు గుడ్డ కట్టుకొని వచ్చినాడు పాపం. బండి చల్లగా ఉన్నప్పుడు కిక్కు కొడితే, కిక్కు రివర్స్ కొట్టి లివర్ వచ్చి ముంగాలు ఎముకకు తగిలింది. వాపు ఇంత ఉండాది. ఉస్తాదు నన్ను ఒక్క మాట అనలేదు. బండి చూపించి, "నువ్వు కొట్టు" అన్నాడు. కొట్టినా. నా మోకాలు వచ్చి నా గడ్డానికే తగిలింది. అప్పుడన్నాడాయన, చెవి పాట వినేదానికిరా, టైమింగ్ పెట్టేదానికి కాదు అని.

ఎందుకట్ట జరిగింది? చెవి అబద్ధం చెప్పలేదు. ఖాళీగా తిరిగే ఇంజిన్‌కు అడ్వాన్స్ ఎక్కువ ఇస్తే నిజంగానే చుట్లు పెరుగుతాయి, చప్పుడు బాగుంటుంది. కానీ అది లోడు లేని చప్పుడు. ఇద్దరు మనుషులు, వెనక వడ్ల మూట, ఎదురుగాలి, రోహిణి కార్తె ఎండ. అప్పుడేమంటుందో స్టాండు మీద నిలబెట్టి వింటే యాడ తెలుస్తుంది?

ఆ దెబ్బకు భయపడి నేను రెండో తప్పు చేసినా. ఏడాది పాటు ఏ బండొచ్చినా కొంచెం రిటార్డ్ చేసి పంపేవాణ్ణి. కిక్కు ఎదురు తన్నదు, ఎవురూ తిట్టరు అని. 90ల్లో మన వైపు రొయ్యల గుంటలు మొదలైనాక, అల్లూరు అవతల గుంటల దగ్గరికి రోజూ పొయ్యొచ్చే ఆయన ఒకాయన బండి ఇచ్చినాడు. రెండు నెలలకు వచ్చి, ఏంది మేస్త్రీ, బండి పెట్రోలు తాగుతా ఉంది, తొడ పక్కన మంట పెట్టినట్టుంది అన్నాడు. చూస్తే బెండు పైపు మొదట్లో నీలం, దాని కింద బంగారు రంగు. లేటుగా ముట్టించిన మంట సిలిండర్‌లో పని పూర్తి కాకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది, మండే గ్యాసు పైపులోకి పోతుంది. పిస్టన్‌ను తొయ్యాల్సిన వేడి సైలెన్సర్‌ను కాలుస్తా ఉంది. నేను కాళ్ళు కాపాడతుండా అనుకున్నా, వాల్వులు కాలుస్తుండా.

రెండు తప్పులూ చెప్పింది ఎందుకంటే, అటు పోతే ఒక దెబ్బ, ఇటు పోతే ఒక దెబ్బ. మధ్యలో కొలత ఉంది. కొలతను కొలిచే పెట్టాలి.

కొలత ఎంతో చెప్పేముందు బుల్లెట్ గురించి ఒక మాట. మన నెల్లూరోళ్ళకు బుల్లెట్ పరాయి బండి కాదు. 1955లో మద్రాసు మోటార్స్ వాళ్ళూ, ఇంగ్లండులో రెడిచ్ ఊరి రాయల్ ఎన్‌ఫీల్డ్ వాళ్ళూ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టినారు. ఫ్యాక్టరీ మద్రాసుకు ఉత్తరాన తిరువొత్తియూరులో. అంటే మన వైపు కొసన! అక్కడ బండెక్కితే గుమ్మిడిపూండి, తడ, సూళ్ళూరుపేట, నాయుడుపేట, గూడూరు, నెల్లూరు. సామాను కావాలంటే రాత్రి రైలెక్కి మద్రాసు పోయి తెల్లారి కొనుక్కొని సాయంత్రానికి షెడ్డులో ఉండేవాళ్ళం. సరే, నేను పక్కకు పోతుండా.

350 బుల్లెట్. సిలిండర్ బోరు 70 మిల్లీమీటర్లు, పిస్టన్ స్ట్రోకు 90, మొత్తం 346 సీసీ. పాయింట్ గ్యాప్ 14 నుంచి 16 థౌ, అంటే అంగుళంలో వెయ్యో వంతులు, మిల్లీమీటర్లలో 0.35 నుంచి 0.40. టైమింగు, బరువులు పూర్తిగా ముడుచుకున్నప్పుడు, అంటే పూర్తి రిటార్డులో, పిస్టన్ టాప్‌కు 0.4 నుంచి 0.8 మిల్లీమీటర్ల ముందు. మీ బండికి పుస్తకం ఉంటే అందులో ఉన్న అంకె పట్టుకోండి, నా నోటి మాట కాదు.

0.8 మిల్లీమీటరంటే ఎంతబ్బా? గోరంత కూడా కాదు. ఇక్కడే అందరూ పడిపోయేది. పిస్టన్ పై కొసకొచ్చినాక దాదాపు నిలబడిపోయినట్టే ఉంటుంది. క్రాంకు 5 డిగ్రీలు తిరిగినా పిస్టన్ దిగేది 0.2 మిల్లీమీటర్లే. 10 డిగ్రీలకు 0.8 పైచిలుకు. 20 డిగ్రీలకు మూడున్నర దాకా. 30 డిగ్రీలకు ఏడున్నర. చూసినారా? డిగ్రీలు మూడు రెట్లయితే మిల్లీమీటర్లు తొమ్మిది రెట్లు. కొసన కదలికే లేదు గనక, "ఇదే టాప్" అని కంటితో చూసి పెడితే అటు 5 డిగ్రీలు, ఇటు 5 డిగ్రీలు తప్పినా మీకు తెలియదు. తప్పు ఐదైతే, పెట్టాల్సిందే పదైతే, ఇంక మిగిలిందేంది?

అందుకని టాప్‌ను టాప్ దగ్గర వెతకబాకండి. కింద వెతకండి. ఎట్ట? ప్లగ్గు తియ్యండి. సైకిల్ స్పోకు ఒకటి తీసుకొని మొన అరగదీసి గుండ్రంగా చెయ్యండి, దాన్ని ప్లగ్గు రంధ్రంలోంచి పిస్టన్ మీద ఆనించండి. బండి టాప్ గేర్‌లో పెట్టి వెనక చక్రం చేత్తో తిప్పండి. కిక్కు కొట్టబాకండి, స్పోకు లోపల ఇరుక్కొని వంగిందంటే మీ ఆదివారం పోయినట్టే. పిస్టన్ ఎక్కేటప్పుడు, టాప్‌కు ఒక 5 మిల్లీమీటర్లు కింద ఉన్నప్పుడు స్పోకు మీద గీత పెట్టండి, రిమ్ము మీద కూడా చాక్‌పీసుతో గీత పెట్టండి. ఇంకా ముందుకు తిప్పండి. పిస్టన్ టాప్ దాటి దిగతా, స్పోకు గీత మళ్ళీ అదే చోటికి రాంగానే రిమ్ము మీద ఇంకో గీత. ఆ రెండు గీతలకు సరిగ్గా మధ్యన ఉన్నదే టాప్. కింద పిస్టన్ చురుగ్గా కదులుతుంది గనక అక్కడ గీత తప్పదు.

ఇంకో మాట. బుల్లెట్ ప్లగ్గు రంధ్రం నిలువుగా ఉండదు, ఏటవాలుగా ఉంటుంది. కాబట్టి పిస్టన్ దిగినదానికంటే స్పోకు కొంచెం ఎక్కువ జారుతుంది. టాప్ కనుక్కునేదానికి ఇబ్బంది లేదు, రెండు వైపులా తప్పు ఒకటే, కొట్టుకుపోతుంది. 0.8 కొలిచేటప్పుడు మాత్రం గుర్తుంచుకోండి. డిగ్రీల చక్రం ఉన్నోళ్ళు డిగ్రీల్లోనే పెట్టుకుంటే ఈ గోల ఉండదు. కాగితం మీద గీసి అట్టకు అంటించి క్రాంకుకు తగిలించుకుంటే చక్రం తయారు. పది రూపాయల పని.

అబ్బయా, నువ్వేదో అడుగుతుండావు? ఆ. ఇది ఫోర్ స్ట్రోకు గదా, టాప్‌కు రెండుసార్లొస్తుంది గదా, ఏ టాప్ అని. శభాష్, ఎవురైనా అడుగుతారా లేదా అని చూస్తుండా. ఎగ్జాస్ట్ టాప్‌లో, అంటే పొగను బయటికి తోసే టాప్‌లో, పెట్టి బిగించినారంటే కార్బురేటర్ లోంచి దగ్గుతుంది, బండి స్టార్ట్ కాదు. ప్లగ్గు రంధ్రం మీద బొటనవేలు పెట్టి తిప్పు. వేలిని తోసేసేది కంప్రెషన్. నమ్మకం లేకపోతే టాపెట్ మూత తీసి పుష్‌రాడ్‌లు వేళ్ళతో తిప్పి చూడు. రెండూ వదులుగా తిరిగితే రెండు వాల్వులూ మూసుకొని ఉండాయి. అదే నీ టాప్.

ఇప్పుడు గ్యాపు. గ్యాపు ముందా, టైమింగ్ ముందా? గ్యాపే ముందు. ఎప్పుడూ గ్యాపే ముందు. ఎందుకంటే గ్యాపు మారితే టైమింగ్ మారిపోతుంది. గ్యాపు పెంచితే పాయింటు ముందే విడిపోతుంది, అడ్వాన్స్ అవుతుంది. తగ్గిస్తే లేటు. టైమింగ్ అంతా బ్రహ్మాండంగా పెట్టేసి, చివర్న "గ్యాపు ఒకసారి చూద్దాం" అని స్క్రూ తిప్పేవాళ్ళను చూసినా. చేసిందంతా పెన్నలో కలిపినట్టే. పాయింటు పూర్తిగా తెరుచుకున్న చోట, క్యాము మిట్ట మీద పాయింటు మడమ కూర్చున్నప్పుడు, ఫీలర్ గేజ్ అనే కొలత బ్లేడు పెట్టి చూడాలి. బ్లేడు గట్టిగా పోకూడదు, జారిపోకూడదు, నేతి గిన్నెలో వేలు తీసినట్టు పట్టుకొని రావాలి.

పాయింట్లను ముందే శుభ్రం చేసుకోండి. పాత పాయింటు మీద ఒక పక్క మిట్ట, ఒక పక్క గుంట ఉంటుంది. ఆ గుంట మీద ఫీలర్ గేజ్ పెడితే అబద్ధం చెబుతుంది. సన్న ఆకురాయితో మిట్టను తీసెయ్యండి. ఉప్పు కాగితం వాడబాకండి, దాని ఇసక రవ్వలు మిగిలిపోయి మళ్ళీ కాలుస్తాయి. పెట్రోలు తడిపిన గుడ్డతో తుడిచి, ఎండిన తెల్ల కాగితం మధ్యన పెట్టి లాగండి. కాగితం మీద నల్ల గీత పడడం ఆగేదాకా లాగండి. క్యాముకు ఒక చుక్క గ్రీజు పూయండి. ఒక చుక్క. వేలు నిండా పూసినారంటే అది చిమ్మి పాయింట్ల మీద పడుతుంది. అసలు పూయకపోతే మడమ అరుగుతుంది, మడమ అరిగితే గ్యాపు తగ్గుతుంది, గ్యాపు తగ్గితే? ఆ, చెప్పండి. లేటవుతుంది. అందుకే ఎవురూ ముట్టుకోని బండి కూడా ఏడాదికి దానంతట అదే రిటార్డ్ అవుతుంది. "మొన్నటిదాకా బాగుండింది మేస్త్రీ" అంటారు చూడండి, అది నిజమే.

ఇంక విడిపోయే క్షణం పట్టుకోవాలి. మా ఉస్తాదు సిగరెట్ పెట్టెలో పల్చటి కాగితం చింపి పాయింట్ల మధ్య పెట్టేవాడు. ఒక చేత్తో కాగితం మెల్లగా లాగుతా, ఇంకో చేత్తో చక్రం తిప్పేవాడు. కాగితం ఎప్పుడు వదిలితే అదే క్షణం. బ్యాటరీ లేని బండికి కూడా పనికొస్తుంది ఇది. నేను బల్బు వాడతా. చిన్న బల్బు, పైలట్ బల్బు లాంటిది, ఆరు ఓల్టుల బండికి ఆరుది, పన్నెండుకు పన్నెండుది. ఒక తీగ పాయింటు తీగ దగ్గర, ఒక తీగ బాడీకి. ఇగ్నిషన్ వెయ్యండి. పాయింట్లు కలిసి ఉంటే కరెంటు వాటిగుండానే బాడీలోకి పోతుంది, బల్బు ఆరి ఉంటుంది. పాయింటు విడిపోగానే వెలుగుతుంది. వెలిగిన క్షణమే నిప్పు పడే క్షణం. బల్బు కూడా లేదా? హెడ్‌లైట్ పైన ఆంపియర్ మీటరు ఉంది గదా. పాయింట్లు కలిసినప్పుడు ముల్లు డిశ్చార్జి వైపు వంగుతుంది, విడిపోగానే మధ్యకొస్తుంది. బుల్లెట్ వాళ్ళు కిక్కు కొట్టేముందు ముల్లు మధ్యకు తెచ్చుకొని, సిలిండర్ ఒత్తిడి వదిలే డీకంప్రెషన్ లివర్ పట్టి కొంచెం దాటించి, అప్పుడు కొడతారు గదా? రోజూ మీరు టైమింగ్ చూస్తానే ఉండారు, తెలియదంతే. ఒక జాగ్రత్త. ఇగ్నిషన్ వేసి పాయింట్లు కలిసిన చోట వదిలేసి టీకి పోబాకండి. కాయిల్ కాలుతుంది.

చక్రం తిప్పేటప్పుడు ఎప్పుడూ ఇంజిన్ తిరిగే వైపే తిప్పండి. గేర్లలో, చైనులో కొంచెం లూజు ఉంటుంది. ఎక్కువ తిప్పేసినారా? వెనక్కి కొంచెం తెచ్చి ఆపబాకండి. బాగా వెనక్కి పోయి, మళ్ళీ ముందుకు రండి. లేకపోతే ఆ లూజంతా మీ లెక్కలోకి వచ్చి కూర్చుంటుంది. నా దగ్గర నేర్చుకున్న పిలకాయల్లో నూటికి తొంభై మంది ఇక్కడే తప్పినారు. "అన్నా, అంతా సరిగ్గా పెట్టినా, మళ్ళీ చూస్తే వేరే ఉంది" అంటారు. వేరే కాదు నాయనా, నువ్వు ఒకసారి ముందు నుంచి వచ్చినావు, ఒకసారి వెనక నుంచి వచ్చినావు.

పిస్టన్‌ను 0.8 దగ్గర నిలబెట్టండి. ప్లేటు స్క్రూలు రెండూ వదులు చెయ్యండి. బల్బు అప్పుడే వెలిగేటట్టు ప్లేటు తిప్పండి. క్యాము తిరిగే వైపుకు ఎదురు తిప్పితే అడ్వాన్స్, దాంతో పాటు తిప్పితే రిటార్డ్. క్యాము ఇంజిన్‌లో సగం వేగంతో తిరుగుతుంది గనక ప్లేటు ఒక డిగ్రీ తిప్పితే క్రాంకు దగ్గర రెండు డిగ్రీలు. కాబట్టి వెంట్రుకంత తిప్పండి. బిగించండి. బిగించినాక మళ్ళీ చూడండి, స్క్రూ బిగించేటప్పుడు ప్లేటు కదులుతుంది. నేను మూడుసార్లు చూస్తా. ఇన్నేళ్ళకు కూడా మూడుసార్లే.

బరువుల సంగతి చెప్తానన్నా. క్యామును వేళ్ళతో తిప్పి వదలండి. టక్కున వెనక్కి రావాలి. మెల్లగా వచ్చినా, రాకపోయినా బరువులు బిగుసుకున్నాయి, లేదా స్ప్రింగులు సాగినాయి. విచ్చుకున్న చోటే ఆగిపోతే మీరెంత బాగా పెట్టినా కిక్కు ఎదురు తంతుంది. మన మైపాడు, కోడూరు సముద్రం వైపు బండ్లకు ఉప్పుగాలికి ఈ రోగం ఎక్కువ. ఒక చుక్క నూనె, అంతే మందు.

ఇంక పరీక్ష. నెల్లూరు చుట్టుపక్కల నేలంతా చాప పరిచినట్టు చదును. అందుకే ఇక్కడ తప్పు టైమింగ్ బయటపడదు, ఎన్ని తప్పులైనా దాచేస్తుంది. నేనైతే బండి పెట్టినాక వెనక ఒకణ్ణి ఎక్కించుకొని నరసింహకొండ పోతా. కొండ రోడ్డు మొదట్లోనే టాప్ గేర్‌లో ఉంచి, వేగం పడిపోతుండగా యాక్సిలరేటర్ ఇస్తా. అప్పుడు వినాలి చెవి. పళ్ళెంలో చిల్లర కదిలినట్టు సన్నగా గలగల వచ్చిందంటే నాకింగ్, అడ్వాన్స్ ఎక్కువైందన్నమాట. వెంటనే గేరు తగ్గించి, కిందికొచ్చి ఒక వెంట్రుక రిటార్డ్ చేస్తా. ఏమీ రాకుండా, గుండెకాయ కొట్టుకున్నట్టు డుబ్ డుబ్ మని ఎక్కితే సరే. స్వామి దర్శనం చేసుకొని వస్తా. ఉస్తాదు కింద టీ కొట్టు దగ్గర కూర్చొని వినేవాడు, బండి మలుపు తిరిగేసరికి బాగుందో లేదో చెప్పేసేవాడు. చెవి పాటకే అన్న మనిషే! కానీ ఆయన కొలత పెట్టినాక విన్నాడు, నేను కొలత మానేసి విన్నా. అదీ తేడా.

ప్రశ్నలు అడగమంటుండారు. జావా, ఎజ్డీ సంగతేంది అని. ఆ పాతవి టూ స్ట్రోకు, మైసూరులో తయారైన బండ్లు. పాయింట్లు క్రాంకు మీదే ఉంటాయి, ప్రతి చుట్టుకూ ఒక నిప్పు. ఏ టాప్ అనే గొడవ లేదు, కంప్రెషన్ వెతికే పని లేదు. బరువులు కూడా ఉండవు, పెట్టిందే పెట్టినట్టు. కాబట్టి అంకె వేరే, బుల్లెట్ అంకె దానికి పెట్టబాకండి. వాటికి అడ్వాన్స్ మరీ ఎక్కువైతే ఇంకో తమాషా ఉంది. ఇంజిన్ వెనక్కి తిరగడం మొదలుపెడుతుంది! చప్పుడు మామూలుగానే ఉంటుంది. మా షెడ్డులో ఒకాయన గేరేసి క్లచ్ వదిలితే బండి వెనక్కి పోయి గోడకు తగిలింది. ఆయన గేరుబాక్సు పోయిందనుకున్నాడు. రాజ్‌దూత్ 350 ఉందా ఎవురికైనా? రెండు సిలిండర్లు, ఒక్కోదానికి ఒక్కో పాయింటు సెట్టు. ఒకటి పెట్టి రెండోది వదిలేస్తే ఒక కాలు కుంటినట్టు నడుస్తుంది.

ఇప్పటి ఇరవై శాతం ఇథనాల్ పెట్రోలుకు టైమింగ్ మార్చాలా అంటుండారు పెద్దాయన. నన్నడిగితే ముందు కార్బురేటర్ చూడండి. ఇథనాల్ కలిస్తే, పెట్రోలు వదిలే జెట్టు అదే అయినా మిశ్రమం పల్చబడుతుంది, బండి వేడెక్కుతుంది, దగ్గుతుంది. దాన్ని టైమింగ్‌తో సర్దబాకండి. ట్యాంకు కుళాయి రబ్బర్లు కూడా చూసుకోండి, పాతవి ఉబ్బుతాయి.

పాయింట్లు పీకేసి ఎలక్ట్రానిక్ పెట్టుకోవచ్చా? పెట్టుకోండి, నాకేం కోపం లేదు. మడమ అరగదు, గ్యాపు మారదు. కానీ దాన్ని కూడా మొదటిసారి ఎవురో ఒకరు టాప్ చూసే బిగించాలి గదా. టాప్ కనుక్కోవడం రానోడు అది బిగించినా ఇంతే.

మాటలు చాలు. బయట చెట్టు కింద 350 బుల్లెట్ సెంటర్ స్టాండు మీద ఉంది. ప్లగ్గు తీసిపెట్టినా, స్పోకు ఉంది, చాక్‌పీసు ఉంది, బల్బు ఉంది. నేను కావాలనే టైమింగ్ తప్పించి పెట్టినా, ఎటువైపో చెప్పను. అబ్బయా, ఇందాక ఏ టాప్ అని అడిగినావే, నువ్వు రా ముందు. చేతులు కడుక్కోబాక, ఎట్టాగూ మళ్ళీ నల్లబడతాయి.